కప్పు విప్పిన మావ

మొన్న మేస్త్రీ మా మేడమీదికెక్కి అక్కణ్ణుంచే కేకేశాడు.

"అవ్వా! ఈ ఇనప కడియాలేటి? ఇక్కడ ఎవలు ఏనుగుని కట్టినారు?"

మా బాన్ అక్యూయ్‌లో ఈ దీవిలో అన్ని ఊళ్లలాగే చెరకుతోటలున్నాయి, బోలెడన్ని కుక్కలున్నాయి. ఏనుగులు మాత్రం లేవు. మనవడికి పెళ్లి కుదిరింది, ఇంటిమీద ఇంకో అంతస్తు వేద్దామని మేస్త్రీని పిలిచాం. పాత సిమెంటు కప్పు మీద నాచు గీకుతుంటే, నాలుగు మూలలా నాలుగు కడియాలు బయటపడ్డాయట. ఒక్కొక్కటి బొటనవేలంత లావు.

"అడ్డంగా ఉన్నాయి, కోసీమంటావా?" అన్నాడు.

"రేపు చెప్తాను, దిగి టీ తాగు" అన్నాను. నాకు నవ్వు ఆగలేదు.

మనవడు పక్కనే ఉన్నాడు. వాడికి తెలుగంటే దణ్ణాలూ పాటలూ, అవ్వా తాతా అన్న పిలుపులూ, అంతే. నేను ముప్పావు జీవితం బళ్లో తెలుగు పంతులమ్మగా పనిచేసి పక్కవాళ్ల పిల్లలందరికీ నేర్పాను గానీ ఇంట్లో వీడికి మాత్రం ఎక్కలేదు. ఆ కడియాలు ఎవరు పెట్టించారని ఇక్కడి వాడుకభాష క్రియోల్‌లో అడిగాడు. మావ పెట్టించాడన్నాను. ఎందుకన్నాడు. "అవసరమైతే కప్పు పైకెత్తి పక్కన పెట్టుకోవడానికి" అన్నాను. వాడు నా వంక చూసిన చూపు నాకు తెలుసు. ముసలిదానికి మతి పోతోంది, డాక్టరుకి చూపించాలి అనే చూపు. నాయనా, నాకు మతి బాగానే ఉంది. మతి సంగతి మాట్లాడాలంటే ముందు మావ సంగతి చెప్పాలి.

మావ అంటే మా అమ్మకి పెద్దన్న. ప్లేన్ మాన్యెన్‌లో మా పుట్టింటికీ ఆయన ఇంటికీ మధ్య ఒక వెదురు కంచె. పేరు పెట్టి ఆయన్ని ఎవరూ పిలిచేవారు కాదు. ఉత్తరాలు తెచ్చేవాడు కూడా మావా అనే కేకేసేవాడు. పొడుగాటి మనిషి. మెడ ఎప్పుడూ ముందుకి చాచి నడిచేవాడు, ఆయన రావడానికి కాస్త ముందు ఆయన తలకాయ వచ్చేది. ఎవరైనా తమాషా కబురు మొదలెడితే అది సగంలో ఉండగానే నవ్వేసేవాడు. చివరికొచ్చేసరికి అందరూ నవ్వుతుంటే ఆయన ముఖం గంభీరంగా పెట్టుకునేవాడు, తన వంతు అయిపోయింది కదా.

ఎండ ఫెళ్లున కాస్తుంటే గొడుగు వేసుకుని తిరిగేవాడు. వాన మొదలవగానే గొడుగు మూసి చంకలో పెట్టేవాడు. చిన్నప్పుడు నేను అడిగాను, ఇదేం పని మావా అని.

"గొడుగు ఒచ్చీ వానకి గుంటా. ఒచ్చీసిన వానకి ఏటి సేస్తాం? తడుస్తాం" అన్నాడు.

ఆయనకి ముందుచూపు అనేది ఒక జబ్బు. మా అత్త అయితే ఇంకా మంచి మాట అనేది: "మీ మావకి రేపు కనిపిస్తాది గానీ కాలికింద పేడ కనిపించదు." అత్త పొట్టి మనిషి, గట్టి గొంతు. మావ ఏదైనా జోస్యం చెప్పడం మొదలెడితే, "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం" అని పొయ్యి దగ్గర్నుంచే అందుకునేది.

ఊళ్లో ఎవరికైనా జబ్బు ముదిరిందంటే మావ వెళ్లి ఆ ఇంటివాళ్లని పరామర్శించి వచ్చేసేవాడు. మనిషి పోకముందే. పోయాక రద్దీగా ఉంటుందని, ఏడుపుల్లో మన మాట ఎవరికీ వినపడదని ఆయన వాదన. అలా ఒకసారి చెరకుతోటలో కూలీలని అదిలించే సర్దారు ఇంటికి వెళ్లాడు. సర్దారు మంచం మీద మూసిన కన్ను తెరవకుండా పడున్నాడు. మావ గుమ్మంలో కూర్చుని, "మంచోడే పాపం, కూలోళ్లని కొడితే కొట్టినాడు గానీ బూతులు తిట్టలేదు" అని ఆయన భార్యని ఓదార్చడం మొదలెట్టాడు. లోపల్నుంచి సర్దారు లేచి బెత్తం పట్టుకుని వచ్చాడు. మావని వీధి చివరిదాకా తరిమాడు. ఆ చెమటకి జ్వరం దిగిపోయి ఆ మనిషి ఇంకా చాలాకాలం బతికాడు. "డాక్టర్లు ఒదిలీసిన మనిషిని నేను లేపినాను" అని మావ అందరికీ చెప్పుకునేవాడు.

ఆయన ఉద్యోగం ఏమిటంటే, మా ఊరి పక్కన విమానాలు దిగే బాట వెంట గడ్డి కోయడం. గాలి ఎటు వీస్తోందో విమానం నడిపేవాళ్లకి తెలియడానికి అక్కడ ఒక గుంజకి పొడుగాటి గుడ్డసంచి కట్టి ఉండేది. గాలికి అది ఉబ్బి ఎటువైపో చూపించేది. మావ రోజంతా దాని నీడన కొడవలి పట్టుకుని ఉండేవాడు కాబట్టి, దీవి మీద వీచే గాలంతా తన పెత్తనం కిందే ఉందనుకునేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి, "ఇయ్యాల గాలి మాట వినలేదు" అనేవాడు.

పైగా ఆయనకి ఒక ప్రశ్న ఉండేది. ఎవరు కనపడితే వాళ్లని పట్టుకుని, "నీ పనిలో ముందుచూపంటే ఏటి?" అని అడిగేవాడు. జవాబిచ్చేదాకా చొక్కా వదిలేవాడు కాదు.

బస్సు నడిపేవాడు చెప్పాడట, మలుపుకి ముందు హారన్ కొట్టడమే మా ముందుచూపు, ఆ తర్వాత అంతా దేవుడు. దర్జీ చెప్పాడు, పిల్లల బట్టలకి లోపల మడత ఎక్కువ వదులుతాం, పెద్దవాళ్లకి పొట్ట దగ్గర వదులుతాం, వాళ్లకి మాత్రం చెప్పం. డాక్టరు జవాబు మావకి బాగా నచ్చింది. మొదటిరోజే రోగి బంధువులతో కష్టమే అని ఒక మాట వేసి ఉంచాలట. బతికితే డాక్టరు గొప్పవాడు, పోతే డాక్టరు నిజం చెప్పినవాడు. వాతావరణం ఆఫీసులో గుమాస్తా ఒకాయన అటూ ఇటూ చూసి, "మేం రాదన్నప్పుడు తలుపులేసుకో" అన్నాడట మెల్లిగా.

గుడి పూజారిని అడిగితే ఆయన పంచాంగం తీశాడు. ఆ రోజుల్లో పంచాంగం ఇండియా నుంచి ఓడమీద వచ్చేది. అది మా ఊరు చేరేసరికి సగం సంవత్సరం గడిచిపోయి ఉండేది. అంచేత మా పూజారి చెప్పే ఫలితాలన్నీ నూటికి నూరుపాళ్లు నిజమయ్యేవి, జరిగిపోయాయి కాబట్టి. మావ ఆ సంగతి పట్టేసి, "అయ్యా, ఒచ్చీది చెప్పు" అని నిలదీశాడు. పూజారికి ఒళ్లు మండింది.

"వాన రాకడ, ప్రాణం పోకడ ఎవలికీ తెలీదని పెద్దోళ్లు అన్లేదేటి? పో, ఎల్లి గడ్డి కోసుకో!"

మావకి ఆ సామెత గుండెల్లో ముల్లులా దిగింది. "తెలిస్తే ఆ రెండే తెలియాలి. మిగతాయి తెలిస్తే ఎంత, తెలీకపోతే ఎంత" అని నెలల తరబడి గొణుక్కున్నాడు.

ఆ ఏడే వేసవిలో పోలీసుస్టేషను మీద ఎర్రజెండాలు ఎక్కించారు. సిక్లోన్ వస్తోందని అర్థం. మీ వైపు తుఫాను అంటారు. మాకు వేసవి వచ్చిందంటే అదే భయం. అప్పుడు మా ఊళ్లో ఇళ్లన్నీ చెక్కగోడలు, రేకు కప్పులు. అందరూ కిటికీలకి పలకలు కొట్టుకుంటున్నారు, కప్పుమీద రాళ్లు పెట్టుకుంటున్నారు. మావ మాత్రం నిచ్చెన వేసుకుని తన ఇంటి కప్పు ఊడదీయడం మొదలెట్టాడు.

అత్త వాకిట్లోకి వచ్చి నెత్తి కొట్టుకుంది. "ఏటి సేస్తన్నావయ్యా! సిక్లోన్ ఒస్తంటే కప్పు తీస్తావేటి?"

"సిక్లోన్ ఏటి సేస్తాది? కప్పు పట్టుకెల్తాది. కప్పు లేకపోతే ఏటి పట్టుకెల్తాది?" అన్నాడు పైనుంచి, నోట్లో మేకులతో.

ఒక్కొక్క రేకూ దింపి నేలమీద పరిచి, దానిమీద రాళ్లెత్తాడు. అత్త బియ్యం డబ్బాల్లోకెత్తి మూతలు బిగించి, మంచం కిందికి చేరి మొగుణ్ణి తిడుతూ కూర్చుంది. రాత్రంతా గాలి ఊరిని ఊపేసింది. తెల్లారి చూస్తే ఎవరి కప్పులూ లేవు. మా రేకులు పక్క ఊరి చెరకుతోటలో దొరికాయి, నలిగి. మావ ఇంట్లో మోకాలి లోతు నీళ్లు, పరుపులు తేలుతున్నాయి, అత్తకి జలుబు. కానీ రేకులన్నీ రాళ్లకింద పరిచినవి పరిచినట్టే ఉన్నాయి. మావ గుడ్డతో వాటిని తుడుచుకుని మధ్యాహ్నానికల్లా కప్పు వేసేసుకున్నాడు. ఊరంతా ఆకాశం కింద నిలబడి చూసింది.

ఇంక చూడండి, మావ మహానుభావుడైపోయాడు. నిన్నటిదాకా వెర్రిబాగులవాడన్నవాళ్లే పిల్లకి ఎప్పుడు పేరు పెట్టాలి, ఆవుని ఎప్పుడు అమ్మాలి అని గుమ్మం ముందు కూర్చునేవారు. దీని దెబ్బ నాకు తగిలింది.

నాకు సంబంధాలు చూస్తున్నారు అప్పుడు. మొదట వచ్చినవాడు అందగాడు, జుట్టు నల్లగా వంకులు తిరిగి ఉండేది. మావ వాడి వంక చూడనేలేదు. వాడి తండ్రి టోపీ తీయించి చూశాడు. "ఇదిగో, ఇదే మీ అల్లుడి తల" అన్నాడు నిగనిగలాడే ఆ బట్టతల చూపించి. వాళ్లు టీ తాగకుండా లేచిపోయారు. రెండోవాడు ఆస్పత్రిలో నర్సుపని నేర్చుకుంటున్నాడు. వీడు ఇంగ్లండు ఓడెక్కుతాడు, అక్కడ చలికి తట్టుకోలేక ఎవత్తినో చేసుకుంటాడు అని మావ వాడి మొహం మీదే చెప్పాడు. వాడికి అప్పటిదాకా ఆ ఆలోచన లేనట్టుంది. కాసేపు ఆలోచించి, "అలా కూడా జరగొచ్చు" అన్నాడు. అంతే, ఆ సంబంధమూ పోయింది.

మా అయ్య మాట తక్కువ మనిషి. ఆ రోజు మాత్రం కంచె దగ్గర నిలబడి మావతో గట్టిగా అన్నాడు: "ఇంకొకటి చూస్తన్నాను, బాన్ అక్యూయ్ కుర్రోడు. ఇది కూడా చెడితే పిల్లని ఫీనిక్స్ ఇచ్చేస్తాను. ఒట్టు."

ఫీనిక్స్ అంటే నాకు తెలుసు. అక్కడ మాకు దూరపు చుట్టం, దుకాణదారుడు. పెళ్లాం పోయింది, పిల్లలు ముగ్గురు. ఆయనది మా అయ్య వయసు, దగ్గుతుంటే కిటికీలు అదిరేవి. నేను వారం రోజులు అన్నం సరిగా తినలేదు. బాన్ అక్యూయ్ అబ్బాయి ఎలా ఉంటాడో నాకు తెలీదు, వాడికి కొమ్ములున్నా సరే, ఈ సంబంధం కుదరాలని అమ్మోరికి మొక్కుకున్నాను.

వాళ్లు ఆదివారం వస్తామన్నారు. శనివారం పొద్దున పోలీసుస్టేషను మీద ఎర్రజెండా ఎగిరింది.

మావ విమానాల బాట దగ్గరికి పరుగెత్తి, ఆ గుడ్డసంచి కింద కాసేపు నిలబడి వచ్చాడు. "ఒస్తంది. కిందటిసారి కంటే పెద్దది" అన్నాడు. ఆ మాట చాలు. ఊరు ఊరంతా నిచ్చెనలెక్కింది. ఎక్కడ విన్నా సుత్తుల చప్పుడు. మా అయ్య కాసేపు గింజుకున్నాడు. కిందటిసారి పోయిన కప్పు గుర్తొచ్చి, ఆయనా ఎక్కాడు. సాయంత్రానికి మా వీధిలో ఒక్క ఇంటికి కప్పు లేదు. రేకులన్నీ నేలమీద, రేకుల మీద రాళ్లు, ఊరంతా మంచాల కింద. ఆఖరికి పూజారి కూడా గుడి వసారా కప్పు దింపించాడు, సామెత మర్చిపోయి.

సిక్లోన్ రాలేదు. సముద్రంలోనే ఎటో తిరిగి వెళ్లిపోయిందట. ఆదివారం తెల్లవారేసరికి ఆకు కదలడం లేదు. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది, మా ఇళ్లన్నిట్లో నుంచీ పూర్తిగా కనిపిస్తోంది. ఒళ్లు నొప్పులతో జనం మంచాల కిందనుంచి బయటికొచ్చి పైకి చూశారు, తర్వాత మావ ఇంటివైపు చూశారు.

అప్పుడే బస్సు దిగారు బాన్ అక్యూయ్ వాళ్లు. అబ్బాయి, తల్లీ తండ్రీ, ఇద్దరు బాబాయిలు. వీధి పొడుగునా నడిచొస్తూ అటూ ఇటూ చూస్తున్నారు, ఇళ్లున్నాయి గాని ఒక్కదానికీ నెత్తిన ఏమీ లేదు. తప్పించుకునే వేళ లేదు. నేను పట్టుచీర కట్టుకుని ముందుగదిలో కూర్చున్నాను. నెత్తిమీద సూర్యుడు. గోడకి దేవుడి పటాలు, కుర్చీలు, బల్లమీద పూలు, అన్నీ ఉన్నాయి. పైన కాకి ఒకటి గోడ అంచున వాలి మిఠాయి పళ్లెం వంక చూస్తోంది.

అబ్బాయి తల్లి కూర్చుని, పైకి చూసి, మర్యాద మనిషి కాబట్టి, "వెలుతురు బాగా ఒస్తాది మీ ఇంట్లోకి" అంది.

తండ్రి ఆగలేకపోయాడు. "మీ ఊరి కప్పులన్నీ ఎవలెత్తుకుపోనారండి?"

"ఎవలూ లేదండి. మేమే తీసుకున్నాం" అన్నాడు మా అయ్య. ఆయన ముఖం చూస్తే నాకు ఏడుపొచ్చింది.

"ఎందుకూ?"

సరిగ్గా అప్పుడు మావ వచ్చాడు, గొడుగు వేసుకుని. తిన్నగా వెళ్లి అబ్బాయి తల్లి వెనక నిలబడి, ఆవిడ నెత్తిమీద గొడుగు పట్టి, తండ్రిని అడిగాడు: "అన్నా, మీది చెరకు లారీ కదా. మీ పనిలో ముందుచూపంటే ఏటి?"

మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు ఫీనిక్స్ కళ్లముందు కనిపించింది. దుకాణం, దగ్గు, ముగ్గురు పిల్లల ముక్కులు, అన్నీ. ఈ మనిషిని చంపేసి నేను జైలుకి పోయినా బాగుండు అనుకున్నాను. మావ మీద నాకు అంత కోపం అంతకుముందు లేదు, ఆ తర్వాతా రాలేదు.

ఇంతలో టప్‌మని ఒక చినుకు నా చేతిమీద పడింది. మా ఊళ్లో మబ్బుకి వేళాపాళా ఉండదు. కొండవైపు నుంచి ఒక చిన్న మబ్బు వచ్చేస్తోంది. మావ పైకి చూశాడు. చూసి, అలవాటు ప్రకారం గొడుగు మూసేశాడు.

"అయ్యో!" అని అబ్బాయి తల్లి కేక పెట్టింది.

అబ్బాయి లేచాడు. అప్పటిదాకా వాడి గొంతు ఎవరూ వినలేదు. కోటు విప్పి కుర్చీకి తగిలించి, "సుత్తి ఉందేటి?" అన్నాడు. మా అయ్య పరుగెత్తి తెచ్చాడు. వాడు బల్లమీద పూలు పక్కన పెట్టి, బల్లెక్కి, అక్కణ్ణుంచి గోడెక్కాడు. బాబాయిలు రేకులు అందించారు. "మేకులు ఎవలైనా పట్టుకోండి" అన్నాడు. మావ నా భుజం పట్టి ముందుకి తోశాడు.

"ఇదిగో, ఇది పట్టుకుంటాది."

అలా అయ్యాయి నా పెళ్లిచూపులు. నేను బల్లమీద నిలబడి పట్టుచీర కొంగులో మేకులు పట్టుకున్నాను, వాడు వాసం మీద గుర్రం ఎక్కినట్టు కూర్చుని ఒక్కొక్కటి తీసుకున్నాడు. వాన పడుతూనే ఉంది. వాడు నాతో అన్న మొదటి మాట, "పెద్దది ఇయ్యి." నేను వాడితో అన్న మొదటి మాట, "కిందపడతావు." మధ్యలో ఒకసారి వేలిమీద కొట్టుకున్నాడు, తిట్టు నోటిదాకా వచ్చింది, నన్ను చూసి మింగేశాడు. అక్కడే నాకు నచ్చాడు. వీడు బట్టతలవాడైనా ఫరవాలేదు, ఇంగ్లండు పోయినా వెనకే పోతాను అనుకున్నాను.

మా కప్పు అయ్యాక వాళ్లు ఊరుకోలేదు. పక్కింట్లో పసిపిల్ల ఏడుస్తోందని అటు వెళ్లారు, తర్వాత ఇంకో ఇల్లు. చీకటి పడే వేళకి పెళ్లికొడుకు తరఫువాళ్లు మా వీధి వీధంతా కప్పు వేసేశారు. అందరిళ్ల నుంచీ వాళ్లకి టీలే టీలు. అబ్బాయి తల్లి తడిసిన జుట్టు పిండుకుంటూ మా అమ్మతో అంది: "ఒదినా, నీ కూతురు మేకు ఒక్కటి కూడా జారనియ్యలేదు. మాకు ఇష్టమే."

మా అయ్య కంచె దగ్గరికి వెళ్లాడు. మావని కొడతాడేమోనని అందరం వెనకే వెళ్లాం. మావే ముందు మాట్లాడాడు.

"సూసినావా? కప్పుండగా ఒస్తే మిఠాయి తిని ఎల్లిపోవలసిన మనుషులు. అందుకే తీయించినాను."

మా అయ్య ఆయన మొహంలోకి చూసి, వెనక్కి వచ్చి, ముందు టీ ఆయనకే పంపించాడు.

పెళ్లయి నేను బాన్ అక్యూయ్ వచ్చేశాను. సిక్లోన్ల దెబ్బకి దీవి అంతా సిమెంటు కప్పులకి దిగింది. మా ఆయనా మొదలెట్టాడు. కప్పు పోతపోసే రోజు చుట్టాలూ పక్కాలూ అందరూ వచ్చి బాల్చీలందించడం, ఆనక అందరికీ ఇంట్లో భోజనాలు పెట్టడం మా ఆచారం. ఆ పొద్దున్నే బస్సులు మారి మావ దిగాడు. చేతిలో గోనెసంచి. అందులో ఈ నాలుగు కడియాలు.

"మావా, ఇది సిమెంటు. దీన్ని ఎవలూ ఎత్తలేరు" అన్నాను.

"ఇయ్యాల ఎత్తలేరు. రేపు ఏ యంత్రం ఒస్తాదో నీకు తెలుసేటి? అప్పుడు పట్టుకోడానికి పిడి లేదని ఏడుస్తావు."

నేను నవ్వాను, అందరూ నవ్వారు. మా ఆయన నవ్వలేదు. కడియాలు తీసుకుని నాలుగు మూలలా నిలబెట్టి, చుట్టూ సిమెంటు పోయించాడు. ఎందుకు పెట్టావని తర్వాత అడిగితే, "ఆయన ఆ రోజు కప్పు విప్పకపోతే నాకు నువ్వెక్కడ దొరికేదానివి?" అన్నాడు. పెళ్లయ్యాక ఆయన నాతో అన్న మంచి మాటల్లో అది పెద్దది.

ఇక మా దీవికి స్వాతంత్ర్యం వస్తోందన్నారు. అప్పుడు ప్రతివాడూ మావే. ఇంగ్లీషువాళ్లు వెళ్లిపోతే చెరకు ఎవరు కొంటారని ఒకడు, బియ్యం ఓడ రాదని ఇంకొకడు. సామాన్లు సర్దుకుని ఓడెక్కి ఆస్ట్రేలియా పోయినవాళ్లున్నారు. సంబరపడేవాళ్లూ రాత్రిళ్లు బియ్యం డబ్బా మూత తీసి చూసుకునేవారు. పెద్ద చదువుల వాళ్లు ఈ దీవి బతకదని రాశారని మా బడి హెడ్మాస్టరు చెప్పాడు. ఇంతమంది ముందుచూపు ఒక్కసారిగా చూసి మావ కొంచెం తగ్గుతాడనుకున్నాను.

జెండా ఎగరేసే రోజు పొద్దున్నే మళ్లీ దిగాడు, అత్తని వెంటేసుకుని, భుజం మీద పెద్ద కొబ్బరితాడుతో. మేడెక్కి, తాడు ఒక కొస కడియానికి కట్టి, రెండో కొస పెరట్లో సీమపనస చెట్టుకి బిగించాడు.

"ఇదేటి మావా?"

"ఓడని గట్టున కట్టీసి ఉంచుతారు సూసినావా? తాడు ఇప్పీస్తే ఏటవుతాది? కొట్టుకుపోతాది. ఇన్నాళ్లూ ఈ దీవిని ఇంగ్లీషోడు కట్టి ఉంచినాడు. ఇయ్యాల ఇప్పీస్తాడు."

"అందుకని నా ఇల్లు కడతావా?"

"నీదే బరువైన ఇల్లు. నాది రేకు."

అత్త నా చెవిలో, "ఊరుకో, కాసేపటికి ఆకలేసి దిగుతాడు" అంది.

మధ్యాహ్నం రేడియోలో బాజాలు మోగాయి, జెండా దిగుతోందన్నారు, ఇంకోటి ఎక్కుతోందన్నారు. మా ఆయన, చుట్టుపక్కలవాళ్లు రేడియో చుట్టూ మూగారు. చంటిది చంకలో ఉంది, నేను గుమ్మంలో నిలబడ్డాను. మావ పెరట్లో తాడుమీద చెయ్యి వేసి, కళ్లు మూసుకుని నిలబడి ఉన్నాడు. రేడియోలో చప్పట్లు మోగిపోయాయి. ఆయన కళ్లు తెరిచాడు.

"కదిలిందేటి?" అన్నాడు.

"కదల్లేదు మావా."

"సూసినావా! తాడు కట్టబట్టి." ఆయన చెట్టుకి కట్టిన ముడి తడిమి చూసుకున్నాడు. మొహాన చెమటో కన్నీళ్లో నాకు తెలియలేదు. నాకూ ఏడుపొచ్చింది, ఎందుకో ఇప్పటికీ చెప్పలేను. మా ముత్తాతలు ఓడ దిగిన ఈ నేల ఆ పూట నుంచి మాది కూడానట.

అప్పుడే ఆయన నన్ను అడిగాడు. లోకంలో అందర్నీ అడిగాడు గానీ నన్నెప్పుడూ అడగలేదు.

"గుంటా, నీ పనిలో ముందుచూపంటే ఏటి?"

నాకు ఒంటినిండా పని. పిల్ల చంకలో పీకుతోంది, ఇంటినిండా జనం, ఏదో ఒకటి అనాలని అన్నాను: "ఏముంది మావా, రేపటి పప్పు ఇయ్యాల నానబోసుకోడమే."

ఆయన చెయ్యి తాడుమీంచి జారింది. "డాక్టరు చెప్పలేదు, పూజారి చెప్పలేదు" అన్నాడు. "నువ్వు చెప్పినావు."

ఆ రోజు నుంచి, అత్త మాటల్లో చెప్పాలంటే, తన కొంప మునిగింది. మావ రోజూ పడుకోబోయే ముందు పెళ్లిళ్లకి వాడే పెద్ద గుండిగ నిండా పప్పు నానబోసేవాడు. ఎవరైనా రావచ్చు కదా అని. ఎవరూ వచ్చేవారు కాదు. పొద్దున్నే అత్త ఆ పప్పంతా రుబ్బి, పచ్చిమిరపకాయలు కలిపి, మేం గాతో పిమా అంటాం, చిట్టి వడలు వేసేది. వీధి వీధంతా తినేది. "మీ మావకి నువ్వేటి చెప్పినావే? నా రెక్కలు పడిపోతున్నాయి" అని నాకు కబురు పెట్టేది.

ఆ ఏడే చెరకు నరికే రోజుల్లో మావ పోయాడు. జ్వరం లేదు, జెండా లేదు, ఏ సూచనా లేదు. ఎవరూ ముందుగా పరామర్శకి రాలేదు. తెల్లవారి గడ్డికోతకి వెళ్లబోతూ గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ అలాగే ఒరిగిపోయాడట.

నేను వెళ్లేసరికి వాకిలి నిండా జనం. సర్దారు బెత్తం ఊతగా పట్టుకుని వచ్చి ఒక మూల కూర్చున్నాడు. పూజారి వచ్చాడు. బస్సు నడిపేవాడు, దర్జీ, ఎక్కడెక్కడివాళ్లో, చొక్కా పట్టుకుని మావ అడిగిన వాళ్లంతా వచ్చారు. లోపలికి వెళ్లాను. వంటగదిలో గుండిగ నిండా పప్పు, రాత్రి ఆయన నానబోసింది, నాని ఉబ్బి అంచుదాకా వచ్చింది. ఇన్ని నెలలకి నిజంగా అంతమందీ వచ్చారు.

అత్త దాని పక్కనే నేలమీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. గుండిగ వంక చూస్తోంది.

"సూసినావా, గుంటా" అంది. "ఇయ్యాల జనం ఒస్తారని పప్పు నానబోసినాడు. చావింట్లో పొయ్యి ఎలిగించకూడదని ఒక్కటీ సూసుకోలేదు."

అని, నవ్వడం మొదలెట్టింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపయింది. నేను పక్కన కూలబడి ఆమెని పట్టుకున్నాను.

గుండిగని కంచె మీంచి మా అమ్మావాళ్ల ఇంటికి అందించాం. అక్కడ రుబ్బి, అక్కడ వేయించి, శ్మశానం నుంచి తిరిగొచ్చి స్నానాలు చేసినవాళ్లందరికీ వేడివేడిగా పెట్టాం. సర్దారు రెండోసారి అడిగి తిన్నాడు.

ఇదీ సంగతి. మేస్త్రీ నిన్న పొద్దున్నే మళ్లీ వచ్చాడు, రంపం పట్టుకుని. "ఏటి అవ్వా, కోసీమంటావా?"

"కొయ్యి. పారెయ్యకు. కొత్త కప్పు పోసేటప్పుడు నాలుగు మూలలా మళ్లీ పెట్టు" అన్నాను.

వాడు నా మనవడి వంక చూశాడు. మనవడు తల గోక్కుంటూ క్రియోల్‌లో అన్నాడు.

"అవ్వా, సిమెంటు కప్పు లేవదు."

"లేవదని నాకు తెలుసురా" అన్నాను. "మా మావకి తెలీదు."